‘పైచేయి’ ఎవరిది? అమెరికా అధ్యక్ష డిబేట్లను తూచే పద్ధతి

(విలేకరులు, డెస్కు ఉద్యోగుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు గడియారం సంగతి చూద్దాం. అమెరికా అధ్యక్ష అభ్యర్థుల డిబేట్ మామూలుగా వాళ్ల తూర్పు తీరం టైములో రాత్రి 9 గంటలకు మొదలవుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అది మనకు మర్నాడు పొద్దున్న 6:30. 90 నిమిషాల డిబేట్ మన 8 గంటలకో, ఇంకాస్త ఆలస్యంగానో ముగుస్తుంది. పేపరు అప్పటికే గుమ్మాల్లో పడిపోయి ఉంటుంది. కాబట్టి తొలి వార్త వెబ్ డెస్కుది, టీవీ స్క్రోలింగుది. 8 దాటి ఐదు నిమిషాలు కాకముందే షిఫ్టు ఇన్‌ఛార్జి అడుగుతాడు, “ఎవరు గెలిచారు? హెడ్డింగు పెట్టాలి.” సర్వే ఇంకా రాలేదు, ఏజెన్సీ కాపీ ముక్కలుగా వస్తోంది, సోషల్ మీడియాలో మాత్రం ఎవరి తీర్పు వాళ్లు ఇచ్చేశారు. ఆ హడావుడిలో పుట్టే మాట ‘పైచేయి’. “డిబేట్‌లో ఫలానావారిదే పైచేయి.” ఎవరి లెక్కలో పైచేయి? ఆ వాక్యంలో చెప్పినవాడు లేడు. ఇవాళ మనం ఆ చెప్పినవాణ్ని వెతుకుదాం.

‘గెలిచారు’ అన్న ఒక్క మాట కింద మూడు ప్రశ్నలు దాక్కుని ఉంటాయి. వాదంలో ఎవరు నిలబడ్డారు? చూసినవాళ్లు ఎవరు గెలిచారనుకున్నారు? దానివల్ల ఓట్లు కదిలాయా? మొదటిదానికి సాక్ష్యం మీ చేతిలోని కాగితం, అది డిబేట్ ముగిసేసరికి సిద్ధంగా ఉండాలి. రెండోదానికి సాక్ష్యం సర్వే, గంటా రెండు గంటల్లో వస్తుంది. మూడోది వారం, పది రోజులు ఆగితే గానీ తెలియదు. ఒకదాని సాక్ష్యం తెచ్చి ఇంకోదానికి అతికించడమే మనం తరచూ చేసే తప్పు.

కాగితంతో మొదలుపెడదాం. కాలేజీ డిబేట్ పోటీల న్యాయనిర్ణేతలు వాడే పద్ధతే ఇది, కాస్త మార్చుకోవాలి. ఫుల్‌స్కేప్ కాగితాన్ని అడ్డంగా పెట్టి ఐదు నిలువు గడులు గీయండి. మొదటి గడిలో టైము, రెండో గడిలో ప్రశ్న, మూడో గడిలో ముందు మాట్లాడినవారి జవాబు, నాలుగో గడిలో ఎదుటివారి జవాబు. ఐదోది ఖాళీగా వదిలేయండి, దాని పని తర్వాత చెప్తాను. ప్రతి ప్రశ్నకూ అడ్డంగా ఒక గీత. జవాబును ఐదారు మాటల్లోనే రాయాలి. అన్నది అన్నట్టు రాసుకోబోతే తర్వాతి జవాబు సగం పోతుంది, కొత్తవాళ్లందరికీ ఇదే జరుగుతుంది. పూర్తి పాఠం రాత్రికి ఎలాగూ దొరుకుతుంది.

గుర్తులు నాలుగు చాలు. అడిగినదానికి సూటిగా చెబితే టిక్కు. ప్రశ్నను వదిలి వేరే దారి పడితే బాణం. ఎదుటివారి ఆరోపణను అసలు ముట్టుకోకపోతే సున్నా. ఆ మాట నిజమో కాదో చూడాల్సి ఉంటే ప్రశ్నార్థకం. ఈ చివరిది పెట్టి ముందుకు వెళ్లిపోవాలి. డిబేట్ నడుస్తుండగా ఫోన్‌లో నిజానిజాలు వెతకడం మొదలుపెడితే రెండు ప్రశ్నలు పోతాయి. ఐదో గడి వీటికోసమే, ఆ తర్వాత నింపుకోవాలి.

ముగిశాక రెండు జవాబు గడులనూ పక్కపక్కన చూడండి. ఒక గడి కిక్కిరిసి, రెండోది బోసిగా ఉంటే కారణం రెండింట్లో ఒకటి. ఆ అభ్యర్థి నిజంగానే ఎక్కువ మాట్లాడి ఉండాలి, లేదా మీ చెవి ఆ వైపు వాలి ఉండాలి. మాట్లాడిన నిమిషాల లెక్క మీడియా సంస్థలు ఇస్తాయి, దాంతో సరిచూసుకోవచ్చు. 2024 సెప్టెంబరు 10 డిబేట్‌లో రిపబ్లికన్ అభ్యర్థి ట్రంప్ సుమారు 43 నిమిషాలు, డెమొక్రాట్ అభ్యర్థి, అప్పటి ఉపాధ్యక్షురాలు కమలా హ్యారిస్ 37 నిమిషాల పైచిలుకు మాట్లాడారు. ఈ తేడాకు మించి మీ గడుల్లో తేడా కనిపిస్తే మీ మొగ్గు బయటపడినట్టే. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, తెలిస్తే చాలు.

ఆఖరి మాట ముగియగానే టీవీ ఆపేయండి. చర్చాగోష్ఠి మొదలుకాకముందే మూడు లైన్లలో మీ తీర్పు రాసి, కింద టైము వేయండి. ఎందుకు ఆపాలో కాసేపట్లో 1976 సంగతి చెప్పినప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు ఈ కాగితాన్ని ఆ సెప్టెంబరు 10 డిబేట్ మీద పెట్టి చూద్దాం. ఫిలడెల్ఫియాలోని నేషనల్ కాన్‌స్టిట్యూషన్ సెంటర్. ఏబీసీ టీవీ వాళ్లు నిర్వహించారు, ప్రశ్నలు డేవిడ్ మ్యూర్, లిన్సీ డేవిస్‌లవి. హాల్లో ప్రేక్షకులు లేరు. జవాబుకు 2 నిమిషాలు, ప్రతివాదానికి 2 నిమిషాలు, అవసరమైతే ఇంకో నిమిషం. ఒకరి వంతు వచ్చినప్పుడు రెండోవారి మైకు బంద్.

తొలి ప్రశ్న హ్యారిస్‌కు వెళ్లింది. ఆర్థికంగా చూస్తే నాలుగేళ్ల కిందటి కన్నా అమెరికన్లు ఇప్పుడు మెరుగ్గా ఉన్నారని మీరు నమ్ముతున్నారా? ఇది పాత అస్త్రమే. 1980 అక్టోబరు 28న క్లీవ్‌లాండ్‌లో రీగన్ తన ముగింపు మాటల్లో జనాన్ని అడిగిన ప్రశ్న, అధికారంలో ఉన్న కార్టర్‌ను కుంగదీసిన ప్రశ్న. హ్యారిస్ తను మధ్యతరగతి ఇంట్లో పెరిగానని మొదలుపెట్టారు. చిన్న పిల్లలున్న కుటుంబాలకు 6,000 డాలర్ల పన్ను రాయితీ, కొత్తగా చిన్న వ్యాపారం పెట్టేవాళ్లకు 50,000 డాలర్ల మినహాయింపు అన్నారు. మెరుగ్గా ఉన్నారనీ అనలేదు, లేరనీ అనలేదు. కాగితం మీద మొదటి గుర్తే బాణం.

ఇంకాస్త ముందుకు రండి, వలసల ప్రశ్న దగ్గరకు. సరిహద్దు దగ్గర వలసల కట్టడికి ఎన్నికలకు ఆరు నెలల ముందు దాకా మీ ప్రభుత్వం ఎందుకు ఆగిందని హ్యారిస్‌ను అడిగారు. ఆమె సరిహద్దు బిల్లును ట్రంప్ ఆపించారన్నారు. ఆ తర్వాత, ఆయన సభలకు ఒకసారి వెళ్లి చూడండి, జనం విసుగొచ్చి మధ్యలోనే లేచి వెళ్లిపోతారు అన్నారు. ‘ఎందుకు ఆగారు’ అన్నదానికి జవాబు రాలేదు. ఇంకో బాణం. మ్యూర్ వెంటనే ట్రంప్‌ను, ఆ బిల్లును మీరెందుకు అడ్డుకున్నారని అడిగారు. ట్రంప్ ముందు సభల సంగతి చెప్తానన్నారు. నా సభల నుంచి ఎవరూ వెళ్లరన్నారు. అక్కడి నుంచి ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వెళ్లి, వలస వచ్చినవాళ్లు అక్కడ జనం పెంచుకునే కుక్కల్ని, పిల్లుల్ని తింటున్నారన్నారు. అలాంటి నమ్మదగ్గ సమాచారం ఏదీ లేదని ఆ నగర అధికారి తమకు చెప్పారని మ్యూర్ అక్కడికక్కడే అన్నారు. బిల్లు ప్రశ్న గాలిలో ఉండిపోయింది. ట్రంప్ గడిలోనూ బాణమే, పక్కన ప్రశ్నార్థకం.

మన అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఒకాయన ఉంటాడు. ఆయన పనే అవధాని ఏకాగ్రత చెడగొట్టడం. అవధాని ఒక చమత్కారం విసిరి మళ్లీ పద్యపాదానికి వచ్చేయాలి. రాకపోతే సభ అంతటికీ తెలిసిపోతుంది. హ్యారిస్ సభల గురించి అన్న మాట అచ్చంగా అప్రస్తుత ప్రసంగం. ట్రంప్ పద్యానికి తిరిగి రాలేదు. ఇద్దరి గడుల్లోనూ బాణాలే ఉన్నా చూసేవాళ్లకు ఓడినట్టు కనపడింది ఒక్కరే. అడిగినదానికి జవాబు చెప్పడం వేరు, ఆటను తన చేతిలో ఉంచుకోవడం వేరు. మీ మూడు లైన్లలో ఈ రెండూ విడివిడిగా ఉండాలి.

ఇక సర్వే. ఆ రాత్రి సీఎన్ఎన్ కోసం ఎస్ఎస్ఆర్ఎస్ అనే సంస్థ చేసిన సర్వేలో హ్యారిస్ గెలిచారన్నవాళ్లు 63 శాతం, ట్రంప్ అన్నవాళ్లు 37. ఆ ఒక్క అంకే మన స్క్రోలింగుకు ఎక్కుతుంది. దాని కింది వరసలు చదవండి. అదే ప్రేక్షకుల్ని ఆర్థిక వ్యవస్థను ఎవరు బాగా చూసుకుంటారని అడిగితే ట్రంప్‌కు 20 పాయింట్ల ఆధిక్యం. డిబేట్‌కు ముందు కన్నా అది కాస్త పెరిగింది కూడా. కాగితం మీద మొదటి ప్రశ్న దగ్గర పెట్టిన బాణం గుర్తుంది కదా? ‘గెలుపు’ అంకెలో అది కనిపించలేదు. ఆర్థికం వరసలో దాని నీడ పడిందని నా అనుమానం. డిబేట్ తమ ఓటు మీద ప్రభావం చూపలేదని చెప్పినవాళ్లు నూటికి 80 మందికి పైనే. నవంబరు ఎన్నికలో, అధ్యక్షుణ్ని తేల్చే ఎలక్టోరల్ ఓట్లు ట్రంప్‌కు 312, హ్యారిస్‌కు 226.

ఈ తక్షణ సర్వే ఎలా జరుగుతుందో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. డిబేట్‌కు ముందే, చూడబోతున్నామని చెప్పిన నమోదిత ఓటర్లను ఎంచుకుంటారు. ఎవరు బాగా చేస్తారనుకుంటున్నారని అప్పుడే అడిగి పెట్టుకుంటారు. ముగియగానే వాళ్లకే మెసేజ్ పంపి జవాబులు తీసుకుంటారు. హ్యారిస్, ట్రంప్ డిబేట్ సర్వేలో అలా తేలినవాళ్లు 605 మంది. ఇది చూసినవాళ్ల అభిప్రాయం, దేశం అభిప్రాయం కాదు. టీవీ ప్రేక్షకుల్ని లెక్కించే నీల్సన్ సంస్థ లెక్కలో ఆ డిబేట్ చూసినవాళ్లు సుమారు 6.7 కోట్లు, ఎన్నికలో పడిన ఓట్లు 15 కోట్లకు పైన.

మీరు ఈ సర్వేలో మూడు అంకెలు వెతకాలి. మొదటిది శాంపిల్ ఎంత, అంటే ఎంతమందిని అడిగారు. జేబులో పెట్టుకునే లెక్క ఒకటి చెప్తాను: 100ను శాంపిల్ వర్గమూలంతో భాగించండి. 600 మందికి వర్గమూలం సుమారు 24.5, అంటే సర్వే అంకెలో పొరపాటు దాదాపు 4 పాయింట్లు అటూ ఇటూ. సంస్థలు ప్రకటించేది ఇంకాస్త ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే వయసు, చదువు వంటివి సరిపోయేలా జవాబులకు తూకాలు వేస్తారు. ఇద్దరి మధ్య తేడాకైతే ఈ పొరపాటు దాదాపు రెట్టింపు. 63కు 37 అంటే 26 పాయింట్ల తేడా, దానికేం ఢోకా లేదు. అందులోంచి తటస్థులను మాత్రమే విడదీసి 150 మంది మీద అంకె ఇస్తే? వర్గమూలం 12 చిల్లర, పొరపాటు 8 పాయింట్లు. తటస్థులు ఇటు మొగ్గారు అని హెడ్డింగు పెట్టేవాళ్లు ఇక్కడే జారిపడతారు.

రెండోది, ఆ శాంపిల్‌లో ఎవరున్నారు. 2016 సెప్టెంబరు 26న హిల్లరీ క్లింటన్, ట్రంప్ తొలి డిబేట్. సీఎన్ఎన్ సర్వేలో క్లింటన్ 62, ట్రంప్ 27. కానీ ఆ శాంపిల్‌లో డెమొక్రాట్లు 41 శాతం, రిపబ్లికన్లు 26 శాతం. ఇలాంటప్పుడు సర్వేను చెత్తబుట్టలో వేయనక్కర్లేదు, చిన్న లెక్క వేసుకుంటే చాలు. ప్రతి పార్టీవాడూ కళ్లు మూసుకుని తన అభ్యర్థే గెలిచాడని చెప్పాడనుకోండి. రెండు పార్టీలవాళ్లను సమానం చేస్తే తేడా ఎక్కువలో ఎక్కువ 15 పాయింట్లు తగ్గుతుంది. 35లో 15 పోతే 20. అప్పుడూ క్లింటనే ముందు. 2024 సెప్టెంబరులో దీనికి తిరగేసిన పరిస్థితి, చూసినవాళ్లలో రిపబ్లికన్ వైపు వాళ్లే కాస్త ఎక్కువ. అయినా 63 వచ్చింది కాబట్టి ఆ అంకెకు బలం ఎక్కువ.

మూడోది, అంతకుముందు ఏమనుకున్నారు. మనవాళ్లు బొత్తిగా పట్టించుకోని అంకె ఇదే. 2024 జూన్ 27న అట్లాంటాలో బైడెన్, ట్రంప్. ముందు అడిగితే ట్రంప్ బాగా చేస్తారన్నవాళ్లు 55, బైడెన్ అన్నవాళ్లు 45. చూశాక ట్రంప్ గెలిచారన్నవాళ్లు 67, బైడెన్ అన్నవాళ్లు 33. అంటే 12 పాయింట్ల కదలిక. సెప్టెంబరులో డిబేట్‌కు ముందు సరిగ్గా సగం సగం, 50–50. తర్వాత 63. అంటే 13. రెండు డిబేట్లలోనూ ప్రేక్షకులు కదిలింది దాదాపు ఒకటే. కానీ జూన్ డిబేట్ అయిన 24 రోజులకు, జూలై 21న, బైడెన్ పోటీ నుంచే తప్పుకున్నారు. సెప్టెంబరు డిబేట్ వల్ల ఎన్నికే మారిపోలేదు. జూన్‌లో బెంబేలెత్తింది మామూలు ఓటర్ల కన్నా సొంత పార్టీ నాయకులు, విరాళాలిచ్చేవాళ్లు. వాళ్లు ఏ సర్వే శాంపిల్‌లోనూ ఉండరు.

రేడియో కథ మీరందరూ వినే ఉంటారు. 1960 సెప్టెంబరు 26న షికాగో స్టూడియోలో కెనడీ, నిక్సన్. టీవీలో చూసినవాళ్లకు కెనడీ గెలిచినట్టు, రేడియోలో విన్నవాళ్లకు నిక్సన్ గెలిచినట్టు అనిపించిందని పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటుంది. నిక్సన్ అప్పుడే మోకాలి జబ్బుతో ఆస్పత్రిలో ఉండి వచ్చారు, బరువు తగ్గారు, బూడిదరంగు సూటు వెనకున్న గోడలో కలిసిపోయింది. అదంతా నిజమే. రేడియో అంకె మాత్రం సిండ్లింగర్ అనే సంస్థ సర్వే నుంచి వచ్చింది. రెండు వేలకు పైగా మందిని అడిగితే అందులో రేడియోలో విన్నవాళ్లు 282 మంది. వాళ్లలోనూ ఎవరు గెలిచారో చెప్పినవాళ్లు 178 మందే. మన జేబు లెక్క వేయండి, ఏడున్నర పాయింట్లు. పైగా అప్పటికి దాదాపు పదిలో తొమ్మిది ఇళ్లలో టీవీ ఉంది. రేడియో విన్నవాళ్లలో ఎక్కువమంది టీవీ అందని పల్లెలవాళ్లయి ఉండొచ్చు. వాళ్లు ముందే నిక్సన్ వైపు ఉంటే ఆ తేడా గొంతుది కాదు, ఊరిది. ఇక్కడ ‘ముందు ఏమనుకున్నారు’ అన్న అంకె లేదు, చిక్కంతా అదే.

అయితే కథను పూర్తిగా కొట్టిపారేయకండి. జేమ్స్ డ్రక్‌మన్ అనే రాజనీతి శాస్త్రవేత్త 2003లో అచ్చయిన ప్రయోగంలో, ఆ డిబేట్ సంగతి తెలియని 171 మందిని తీసుకుని కొందరికి వినిపించారు, కొందరికి చూపించారు. చూసినవాళ్లే కెనడీ గెలిచారని ఎక్కువగా అన్నారు. ఫలితం నిలబడింది, 1960 నాటి సాక్ష్యం మాత్రం నిలబడదు. డెస్కులో మనకూ ఇది పనికొస్తుంది. ఇద్దరుంటే ఒకరు టీవీ చూడండి, ఒకరు గోడవైపు తిరిగి వినండి. తీర్పులు వేరుగా వస్తే ఎక్కడ వేరయ్యాయో వెతకండి, వార్త అక్కడుంటుంది.

టీవీ ఎందుకు ఆపమన్నానో చెప్తానన్నాను కదా. 1976 అక్టోబరు 6, శాన్‌ఫ్రాన్సిస్కో. అధ్యక్షుడు ఫోర్డ్, తూర్పు యూరప్ మీద సోవియట్ ఆధిపత్యం లేదన్నారు. అడిగిన న్యూయార్క్ టైమ్స్ విలేకరి మాక్స్ ఫ్రాంకెల్ నమ్మలేక మళ్లీ అడిగితే మళ్లీ అదే అన్నారు. ఆ రాత్రి ఫోర్డ్ మనుషులు చేసిన ఫోన్ సర్వేలో ముందున్నది ఫోర్డే. చూసినవాళ్లకు ఆ వాక్యం అంత పెద్దగా తగల్లేదు. రాత్రంతా టీవీల్లో, పొద్దున పేపర్లలో అదే వాక్యం నలిగింది. మర్నాటి సాయంత్రం అడిగినవాళ్లలో ప్రత్యర్థి కార్టర్ చాలా దూరం ముందుకు వెళ్లిపోయారు. డిబేట్ అదే, తీర్పు తిరగబడింది. 2000 అక్టోబరు 3న బోస్టన్‌లోనూ ఇదే వరస. గాలప్ తక్షణ సర్వేలో గోర్ 48, బుష్ 41. తర్వాత, బుష్ మాట్లాడుతుంటే గోర్ విడిచిన నిట్టూర్పులను ఒకదాని వెనక ఒకటి కూర్చి టీవీలు వేశాయి. గోర్ గెలిచారన్న మాట ఆ తర్వాత వినపడలేదు. కాబట్టి సర్వే అంకె పక్కన ఏ రోజు, ఏ గంట అన్నది రాయండి. మన కాగితం మీద టైము వేయమన్నదీ అందుకే.

ఎవరు పడితే వాళ్లు ఓటేసే పోల్స్ గురించి ఎక్కువ చెప్పను. 1980లో ఏబీసీ ఒక ఫోన్ నంబరు ఇచ్చి కాల్‌కు 50 సెంట్లు వసూలు చేసింది. 7 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి, రీగన్‌కు రెండు, కార్టర్‌కు ఒకటి చొప్పున. ఏడు లక్షలంటే గొప్పగా వినిపిస్తుంది. కానీ అది డబ్బు పెట్టి డయల్ చేసేంత పట్టుదల ఉన్నవాళ్ల లెక్క, ఒక్కడే ఎన్నిసార్లయినా చేయొచ్చు. ఇవాళ్టి వెబ్‌సైట్ పోల్స్ దాని మనవలు. 2016లో తొలి డిబేట్ రాత్రి అలాంటి చాలా పోల్స్‌లో ట్రంప్ ముందున్నారు. వాటిని వార్తలో వాడకండి, అంతే.

తెర కింద పాకే గీత ఇంకో ప్రమాదం. కొందరు ఓటర్ల చేతికి డయల్ ఇచ్చి, నచ్చితే పైకి, నచ్చకపోతే కిందికి తిప్పమంటారు, సగటును గీతగా వేస్తారు. 2010 బ్రిటన్ ఎన్నికల డిబేట్‌లో పరిశోధకులు 150 మందికి ఒక నకిలీ గీత వేసి చూపించారు. గీత ఎవరికి అనుకూలంగా ఉంటే వాళ్లే గెలిచారన్న వాళ్లు పెరిగారు, ఎవరికి ఓటేస్తామన్న దాని మీదా ప్రభావం కనిపించింది. గీత లేని ప్రసారం దొరికితే అదే చూడండి. దొరక్కపోతే తెర కింద స్టిక్కరు అంటించండి, నవ్వకండి, పనిచేస్తుంది.

మూడో ప్రశ్నకు, అంటే ఓట్లకు, మన దగ్గర ఉన్నది చరిత్రే. 2012 అక్టోబరు 3న డెన్వర్‌లో రోమ్నీ 67కు 25 తేడాతో ఒబామాను ఓడించారని సీఎన్ఎన్ సర్వే. ఎన్నికలో ఎలక్టోరల్ ఓట్లు ఒబామాకు 332, రోమ్నీకి 206. 2004లో కెర్రీ, 2016లో క్లింటన్, 2024లో హ్యారిస్, ముగ్గురూ తక్షణ సర్వేలు గెలిచి ఎన్నికలు ఓడారు. అందుకే ‘డిబేట్‌తో గెలుపు ఖాయం’ అన్న ఉపశీర్షిక ఎప్పుడూ వద్దు.

సరే, 8:05కు ఏం పెట్టాలి? సర్వే రాకముందు, చూసిన సంగతి రాయండి: “సభల ప్రస్తావనతో దారి తప్పిన ట్రంప్, ఆర్థికంపై సూటి జవాబివ్వని హ్యారిస్.” సర్వే వచ్చాక దాన్ని మార్చి, చెప్పినవాణ్ని కర్తగా పెట్టండి: “హ్యారిస్ గెలిచారన్న 63 శాతం ప్రేక్షకులు, సీఎన్ఎన్ సర్వే.” ఇంట్రోలో, అంటే తొలి పేరాలో, శాంపిల్, ముందటి 50–50, ఆర్థికంపై 20 పాయింట్లు. ‘పైచేయి’ మాట అవసరమే పడలేదు చూడండి.

(సభలో ప్రశ్న: తేడా మరీ తక్కువ ఉంటే ఎవరూ గెలవలేదని రాయొచ్చా?)

రాయొచ్చు, రాయాలి కూడా. 2024 అక్టోబరు 1న ఉపాధ్యక్ష అభ్యర్థులు వాన్స్, వాల్జ్ డిబేట్. సీఎన్ఎన్ సర్వేలో వాన్స్ 51, వాల్జ్ 49. శాంపిల్ 570 పైచిలుకు, పొరపాటు 4 పాయింట్లకు పైనే. అంటే అది సమానం. వాన్స్ భార్య ఉష పూర్వీకులది తణుకు దగ్గరి వడ్లూరు, కాబట్టి “గోదావరి జిల్లా అల్లుడిదే గెలుపు” అని పెట్టాలని మన చేతులు జిలపెడతాయి. అల్లుడు అన్న మాట కావాలంటే ఉంచుకోండి. కింద మాత్రం “చెరిసగంగా చీలిన ప్రేక్షకులు, 51–49” అని వేయండి, దాన్ని ‘స్వల్ప ఆధిక్యం’గా మార్చకండి.